70,000 అడుగుల మీద ఒంటరి సీటు: యూ-2ఎస్ కాక్‌పిట్ సమీక్ష

ఫైటర్ విమానాల కాక్‌పిట్‌కు మార్కులు వేసే పద్ధతి అమెరికా నిఘా విమానం యూ-2ఎస్‌కు పనికిరాదు. ఇందులో కూర్చునే పైలట్‌కు ఒంటినిండా ఫుల్ ప్రెషర్ సూట్ ఉంటుంది. మెడ దగ్గర లోహపు రింగుతో బిగించిన హెల్మెట్, మణికట్ల దగ్గర మరో జత రింగులతో బిగించిన మందపాటి గ్లవ్స్. పన్నెండు గంటల దాకా సాగే మిషన్‌లో ఆ సూట్ విప్పుకునే అవకాశమే లేదు. కాబట్టి ఈ కాక్‌పిట్‌లో ఏ వస్తువును పరీక్షించాలన్నా రెండే ప్రశ్నలు వేసుకోవాలి. గ్లవ్ వేసుకున్న చేతికి అది లొంగుతుందా? హెల్మెట్‌లోంచి చూసే కంటికి అది ఆనుతుందా? సూట్‌ను విడిగా, కాక్‌పిట్‌ను విడిగా చూస్తే రెండూ సగం సగమే అర్థమవుతాయి. పైలట్ కాక్‌పిట్‌లో సగభాగాన్ని ఒంటి మీద తొడుక్కునే లోపలికి వస్తాడు.

ముందు విమానం సంగతి క్లుప్తంగా. లాక్‌హీడ్ సంస్థ స్కంక్ వర్క్స్ విభాగంలో కెల్లీ జాన్సన్ బృందం తయారుచేసిన యూ-2 మొదట ఎగిరింది 1955 ఆగస్టులో. నేటి యూ-2ఎస్ నేరుగా ఆ చిన్న విమానం నుంచి వచ్చింది కాదు. 1967లో మొదటిసారి ఎగిరిన, ఆకారంలో బాగా పెరిగిన యూ-2ఆర్ దీనికి తల్లి. రెక్కల కొసల మధ్య దూరం 100 అడుగులు దాటుతుంది, పొడవు 63 అడుగులు. ఇంజిన్ ఒక్కటే, జనరల్ ఎలక్ట్రిక్ ఎఫ్118. మనిషి కూడా ఒక్కడే. కాలిఫోర్నియాలోని బీల్ వైమానిక స్థావరం దీని సొంత గూడు. కాక్‌పిట్ వరకు చూస్తే 1955 మోడల్‌కూ 1967 మోడల్‌కూ తేడా చాలా పెద్దది. మొదటి దాంట్లో చోటు ఎంత ఇరుకంటే ఫుల్ ప్రెషర్ సూట్ పట్టేది కాదు. ఒంటిని బిగించి నొక్కిపట్టే పార్షియల్ ప్రెషర్ సూట్‌తోనే గంటల తరబడి గడిపేవారు. యూ-2ఆర్‌లో చోటు పెంచాకే ఫుల్ సూట్ లోపలికి రాగలిగింది.

గాలి: అన్నిటికన్నా గొప్ప మార్పు

కొన్ని అంకెలతో మొదలుపెడదాం. సముద్రమట్టం దగ్గర గాలి పీడనం 14.7 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). 70,000 అడుగుల దగ్గర అది సుమారు 0.65. దాదాపు 63,000 అడుగులు దాటితే మన ఒంటి వేడికే నీళ్లు మరిగిపోతాయి. అంటే కాక్‌పిట్ గోడలు, వాటి తర్వాత సూట్, ఈ రెండే పైలట్‌కూ ఆ శూన్యానికీ మధ్య ఉన్న అడ్డు.

చాలా ఏళ్లపాటు యూ-2 కాక్‌పిట్‌లోని పీడనం సుమారు 29,000 అడుగుల ఎత్తుకు సమానంగా ఉండేది, అంటే ఇంచుమించు ఎవరెస్టు శిఖరమంత ఎత్తు. లోపలికీ బయటికీ పీడనంలో తేడా 3.88 పీఎస్‌ఐ మాత్రమే. ఇలా ఎందుకు చేశారంటే బరువు కోసం. పీడనం పెంచాలంటే గోడలు బలంగా ఉండాలి, బలం అంటే బరువు, బరువు పెరిగితే ఎత్తు తగ్గుతుంది. ఈ విమానం బతుకంతా ఎత్తు మీదే ఆధారపడింది కాబట్టి ఆ లెక్కలో నష్టపోయింది పైలట్ ఒళ్లు.

ఆ నష్టం చిన్నది కాదు. అంత తక్కువ పీడనంలో గంటల తరబడి కూర్చుంటే రక్తంలోనూ కణజాలంలోనూ కరిగి ఉన్న నైట్రోజన్ బుడగలుగా బయటపడుతుంది. కీళ్లలో బుడగలు చేరితే మోకాళ్లు, మోచేతులు, భుజాలు నొప్పిపెడతాయి. అదైనా ఓర్చుకోవచ్చు. మెదడు మీద ప్రభావం పడితే ఆలోచన మందగిస్తుంది, చదివిన అంకె వెంటనే మరిచిపోతారు, తాను తికమకపడుతున్నానన్న సంగతి కూడా పైలట్‌కు తెలియదు. ఒంటరిగా ఎగిరే మనిషికి ఇంతకన్నా ప్రమాదం ఉండదు, చూసి చెప్పడానికి పక్కన ఎవరూ లేరు కదా. యూ-2 పైలట్ల మెదడు ఎంఆర్‌ఐ పరీక్షల్లో, ఈ పని చేయని వారితో పోలిస్తే తెల్లపదార్థంలో ఎక్కువ మచ్చలు కనిపించాయని 2013లో వైద్య పత్రికల్లో వచ్చింది.

దానికి అమెరికా వైమానిక దళం ఇచ్చిన జవాబు కేర్ అనే మార్పుల కార్యక్రమం. కాక్‌పిట్ నిర్మాణాన్ని బలపరిచి, గాలి వచ్చిపోయే వాల్వులు మార్చి, లోపలి పీడనాన్ని 15,000 అడుగుల స్థాయికి తెచ్చారు. పీడనంలో తేడా 3.88 నుంచి 7.65 పీఎస్‌ఐకి, అంటే దాదాపు రెట్టింపుకు చేరింది. ప్రయాణికుల విమానంలో లాగా 8,000 అడుగుల స్థాయి ఎందుకు పెట్టలేదని అడగొచ్చు. 8,000 అడుగుల దగ్గర పీడనం 10.9 పీఎస్‌ఐ. బయట 0.65 ఉంటే గోడలు పదికి పైగా పీఎస్‌ఐ తేడాను మోయాలి. ప్రయాణికుల విమానాల గోడలు మోసేదే ఎనిమిది, తొమ్మిది. అలా చూస్తే 1980లలో తయారైన ఈ సన్నని విమానం చేత 7.65 మోయించడం సాధారణ విషయం కాదు. ఈ కాక్‌పిట్‌లో జరిగిన మార్పులన్నిటిలో మొదటి స్థానం దీనికే ఇస్తాం. తెరలు, కంప్యూటర్లు ఆ తర్వాతే.

కేర్ వచ్చినా సూట్ మాత్రం పోలేదు. టేకాఫ్‌కు ముందు గంటసేపు నూటికి నూరు పాళ్లు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చే పద్ధతి కూడా అలాగే ఉంది. ఒంట్లోని నైట్రోజన్‌ను ముందే బయటికి పంపడం దాని ఉద్దేశం. ఇక్కడ తప్పు ఎక్కడ జరగొచ్చో చూడండి. హెల్మెట్ ముందరి గాజు ఒక్కసారి తెరిచి మామూలు గాలి పీల్చినా నైట్రోజన్ మళ్లీ లోపలికి వస్తుంది, అప్పటిదాకా పీల్చిన ఆక్సిజన్ ఫలితం తగ్గిపోతుంది. అందుకే సూట్ తొడిగే గది నుంచి విమానం దాకా పైలట్ వెంట చేతిపెట్టె లాంటి సామగ్రి వస్తుంది. ఆక్సిజన్, సూట్‌లోకి చల్లగాలి దాని నుంచే అందుతాయి. కాక్‌పిట్‌లో కూర్చున్నాక గొట్టాలను దాని నుంచి విమానానికి మార్చి, పట్టీలు బిగించి, ఒక్కొక్క కనెక్షన్‌ను లాగి సరిచూసేది పైలట్ కాదు, సూట్ సాంకేతిక నిపుణులు. తన ఒంటి మీది కనెక్షన్లు తాను చూసుకోలేని కాక్‌పిట్ ఇది, ఎందుకంటే హెల్మెట్ లోంచి ఛాతీ కింది భాగం సరిగా కనపడదు.

సూట్ ఉబ్బితే ఏమవుతుంది

పసుపు రంగులో కనిపించే ఎస్1034 సూట్‌ను మసాచుసెట్స్ రాష్ట్రం వూస్టర్‌లోని డేవిడ్ క్లార్క్ కంపెనీ తయారుచేస్తుంది. లోపల గాలిని పట్టి ఉంచే సంచి పొర, దాని మీద అది బుడగలా ఉబ్బిపోకుండా ఆపే వల లాంటి అల్లిక, పైన రక్షణ కవచం. కాక్‌పిట్‌లో పీడనం మామూలుగా ఉన్నంతసేపూ సూట్ వదులుగా ఉంటుంది, చల్లగాలి మాత్రం లోపల తిరుగుతూ ఉంటుంది. కాక్‌పిట్ పీడనం పడిపోయిందా, సూట్ దానంతట అదే గాలి నింపుకుని పైలట్ ఒంటి చుట్టూ సుమారు 35,000 అడుగుల స్థాయి పీడనాన్ని, అంటే మూడున్నర పీఎస్‌ఐని నిలబెడుతుంది.

ప్రాణం నిలుస్తుంది. పనిచేయడం మాత్రం అప్పుడే కష్టమవుతుంది. ఉబ్బిన చేతిని వంచాలంటే ప్రతిసారీ గాలితో కుస్తీ పట్టాలి. వేళ్లు ముడుచుకోవు. హెల్మెట్ పైకి లేస్తుంది, దాన్ని కిందికి లాగిపట్టే పట్టీ ముందువైపు ఉంటుంది. కాక్‌పిట్‌కు అసలైన పరీక్ష ఈ క్షణంలోనే. అత్యవసరంగా కావలసిన స్విచ్‌లు ఉబ్బిన చేయి చేరగలిగే చోట ఉన్నాయా లేదా అన్నది నేల మీద, సూట్ వదులుగా ఉన్నప్పుడు తెలియదు. అందుకే శిక్షణలో ఆల్టిట్యూడ్ ఛాంబర్‌లో సూట్‌ను నిజంగా ఉబ్బించి అలవాటు చేస్తారు. పక్క ప్యానెళ్లలో వెనక్కి ఉన్న స్విచ్‌లకు మా మార్కులు ఈ లెక్కలోనే తగ్గుతాయి. మామూలు వేళ చేయి వెనక్కి పెట్టి తడిమితే దొరుకుతాయి, ఉబ్బిన వేళ తడిమే వేలికి స్పర్శే ఉండదు.

ఇంజిన్‌కూ సూట్‌కూ ఉన్న ముడి కొత్తగా చదివేవారికి తట్టదు. కాక్‌పిట్‌లోకి వచ్చే గాలి ఇంజిన్ నుంచే వస్తుంది. ఇంజిన్ ఆరిపోతే గాలి రావడం ఆగి, పీడనం క్రమంగా కారిపోయి, సూట్ ఉబ్బుతుంది. అంత పల్చటి గాలిలో ఇంజిన్ మళ్లీ అంటుకోదు, చిక్కటి గాలిలోకి చాలా కిందికి దిగాలి. అంటే కష్టమైన పని అంతా ఉబ్బిన సూట్‌తోనే చేయాలి. 1950ల నాటి జె57 ఇంజిన్‌తో ఈ ఆరిపోవడం తరచుగా జరిగేది. డిజిటల్ నియంత్రణ ఉన్న ఎఫ్118 వచ్చాక ఆ భయం బాగా తగ్గింది. ఇంజిన్ మార్పును కూడా కాక్‌పిట్ సౌకర్యం కిందే లెక్కించాలని మేం అనేది అందుకే.

హెల్మెట్ ముందరి గాజుకు విద్యుత్ వేడి ఉంటుంది. ఊపిరి తేమ గాజు మీద పట్టకుండా ఆపేది అదే. అది పనిచేయకపోతే ఆవిరి పడుతుంది, తుడుచుకోవడానికి చేయి లోపలికి పోదు. పైకి చిన్నగా కనిపించినా మిషన్‌ను ఆపేయగల లోపం.

ప్యానెల్, తెరలు

పాత యూ-2 ప్యానెల్ పైభాగంలో నడిమధ్య ఒక గుండ్రటి గాజు తెర ఉండేది. విమానం కడుపు కింది నుంచి నేలను చూపించే పెరిస్కోప్ తెర అది. దారి తప్పలేదని తెలుసుకోవడానికి, కింద మబ్బులు ఉన్నాయో లేవో చూడటానికి, తనను తరుముతూ ఎవరైనా వస్తున్నారేమో గమనించడానికి పైలట్ దానిలోకి చూసేవాడు. నక్షత్రాన్నో సూర్యుణ్నో పట్టి స్థానం లెక్కించే సెక్స్‌టెంట్ బొమ్మ కూడా అదే తెర మీద పడేది. రేడియో దారిచూపులు దొరకని దేశాల మీదుగా ఎగరడానికి అప్పట్లో అదే దిక్కు. ఒకే తెరను రెండు పనులకు వాడుకున్న ఆ అమరిక అప్పటి ఇరుకు కాక్‌పిట్‌లో నిజంగా మెచ్చుకోదగినది.

ర్యాంప్ అనే కార్యక్రమం కింద 2007 నాటికి ముళ్ల గడియారాల్లాంటి మీటర్ల స్థానంలో 6 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు ఉన్న మూడు రంగుల తెరలు వచ్చాయి. రేడియోలు, నావిగేషన్ నడపడానికి ఎదురుగా, కంటి ఎత్తుకు దగ్గరగా ఒక కంట్రోల్ ప్యానెల్ అమర్చారు. తెరలు పోయినా పనికొచ్చేలా విడిగా ఒక స్టాండ్‌బై డిస్‌ప్లే ఉంది. మా రెండు ప్రశ్నలతో చూస్తే ఇది పెద్ద మెరుగుదల. హెల్మెట్‌లో తల పక్కలకు తిరుగుతుంది కానీ కిందికి వంచడం కష్టం. రేడియో ఫ్రీక్వెన్సీ మార్చడానికి తుంటి పక్కన ఉన్న ప్యానెల్‌కేసి తల వంచి వెతుక్కోవడం కన్నా ఎదురుగా చూస్తూ నొక్కడం ఎంతో సులువు. దీనివల్ల ఇంకో లాభం: కళ్లు ఎయిర్‌స్పీడ్ మీద నుంచి ఎక్కువసేపు పక్కకు పోవు. ఈ విమానంలో అది ఎంత ముఖ్యమో కిందకు వెళ్లాక తెలుస్తుంది.

2023లో లాక్‌హీడ్ సంస్థ కొత్త ఏవియానిక్స్ (విమాన ఎలక్ట్రానిక్ పరికరాలు)తో, కొత్త మిషన్ కంప్యూటర్‌తో, కొత్త కాక్‌పిట్ తెరలతో మార్చిన యూ-2ను ఎగరేసింది. తెరల తరం మారింది కానీ వాటిని వాడే చేతికి మాత్రం అదే గ్లవ్. ఏ కొత్త తెర వచ్చినా పరీక్షించాల్సింది ముందుగా నొక్కే చోట్ల సైజు, వాటి మధ్య ఎడం. గ్లవ్ వేలి కొన మామూలు వేలికన్నా చాలా లావు. రెండు బటన్ల మధ్య చోటు సరిపోకపోతే పక్కది నొక్కుడుపడుతుంది, నొక్కినట్టు వేలికి తెలియదు కూడా.

వెలుగు గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేం. 70,000 అడుగుల దగ్గర పైన ఆకాశం నల్లబడుతుంది, కింద మబ్బులు కళ్లు మిరుమిట్లు గొలిపేలా మెరుస్తాయి. వెలుగును చెదరగొట్టే గాలి పైన తక్కువ కాబట్టి ఎండ పడిన చోట విపరీతమైన వెలుగు, నీడ పడిన చోట గాఢమైన చీకటి. ఒక తెర మీద ఎండ, పక్క ప్యానెల్ మీద నీడ ఉంటే కన్ను రెంటికీ ఒకేసారి సర్దుకోలేదు. కానపీ (కాక్‌పిట్ మీది గాజు మూత) లోపల ఉన్న సన్‌షేడ్ ఇక్కడ చేసే సాయం మామూలుది కాదు. ఎండ వైపు దాన్ని జరుపుకుంటే వెలుగూ తగ్గుతుంది, ఎండ వేడీ తగ్గుతుంది. కానపీ పక్కన ఉన్న అద్దం కూడా అలాంటి చిన్న వస్తువే. వెనక తెల్లటి పొగచార ఏర్పడుతోందేమో అందులో చూసుకోవచ్చు. ఏర్పడితే ఎత్తు మార్చాలి, ఎందుకంటే నిఘా విమానం తన దారిని ఆకాశం మీద గీసిపెట్టకూడదు.

కంట్రోల్ వీల్, పది నాట్ల సందు

యూ-2లో ఫైటర్‌లా కర్ర ఉండదు, చక్రం లాంటి కంట్రోల్ వీల్ ఉంటుంది. దాని నుంచి రెక్కలకూ తోకకూ కేబుళ్లు, కప్పీలు. హైడ్రాలిక్ సాయం లేదు. పైన పల్చటి గాలిలో వీల్ తేలిగ్గా కదులుతుంది. కింద చిక్కటి గాలిలో, ముఖ్యంగా ల్యాండింగ్ వేళ, అది పవర్ స్టీరింగ్ లేని పాత లారీ స్టీరింగంత బరువు. పన్నెండు గంటలు సూట్‌లో కూర్చుని అలసిన భుజాలకు ఆ బరువు వచ్చేది చిట్టచివర్లో. దీన్ని లోపం అనాలా? హైడ్రాలిక్స్ పెడితే బరువు పెరుగుతుంది, చెడిపోయే భాగాలు పెరుగుతాయి. చేతికి నేరుగా అందే గాలి ఒత్తిడి వల్ల విమానం స్టాల్‌కు (వేగం చాలక రెక్కలు మోయలేకపోయే స్థితికి) ఎంత దగ్గరలో ఉందో పైలట్‌కు తెలుస్తుంది. బరువు ఎంతున్నా ఈ వీల్‌ను మేం మార్చమని అడగం.

ఎత్తులో అసలు సమస్య వేగానిది. 70,000 అడుగుల దగ్గర విమానం నిజంగా దాదాపు 400 నాట్లతో (గంటకు సుమారు 740 కిలోమీటర్లు) పోతున్నా ఎయిర్‌స్పీడ్ మీటర్ మీద కనిపించేది 100 అటూ ఇటూ. గాలి అంత పల్చన. వేగం కాస్త తగ్గితే స్టాల్, కాస్త పెరిగితే ధ్వనివేగానికి దగ్గరై విమానం అదరడం మొదలుపెడుతుంది. తొలి మోడళ్లలో అత్యధిక ఎత్తు దగ్గర ఈ రెంటి మధ్య సందు పది నాట్లకన్నా తక్కువకు కుదించుకుపోయేది. మలుపు తిరిగేటప్పుడు మరీ చిక్కు. రెక్కలు అంత పొడవు కాబట్టి లోపలి రెక్క నెమ్మదిగా, బయటి రెక్క వేగంగా కదులుతాయి. ఒకటి స్టాల్ అంచున ఉంటే ఇంకోటి అదిరే అంచున ఉండొచ్చు. పెద్ద రెక్కలున్న తర్వాతి మోడళ్లలో పరిస్థితి మెరుగైంది కానీ సూత్రం మారలేదు.

ఈ పనిని ఎక్కువసేపు మోసేది ఆటోపైలట్. అది మ్యాక్ సంఖ్యను (ధ్వనివేగంతో పోల్చి చెప్పే వేగాన్ని) పట్టి ఉంచుతుంది, ఇంధనం కాలి బరువు తగ్గేకొద్దీ విమానం నెమ్మదిగా పైకి ఎక్కుతూ పోతుంది. ఆటోపైలట్ చెడితే ఆ సన్నటి సందులో చేత్తో ఎగరేయాలి. ఎగరేయొచ్చు, కానీ కెమెరాలు, రేడియోలు, నావిగేషన్ చూసుకునే తీరిక ఉండదు. సెన్సర్ల పని చాలావరకు డేటా లింక్ ద్వారా నేల మీది వారికి చేరింది కాబట్టి పైలట్ మీద ఆ భారం మునుపటికన్నా తగ్గింది.

తిండి, నీళ్లు, మిగతావి

హెల్మెట్ కింది భాగంలో చిన్న రంధ్రం, దానికి వాల్వు. గట్టి గొట్టం అమర్చిన ట్యూబును అందులోంచి దూర్చి, నొక్కి తినాలి. టూత్‌పేస్టు ట్యూబును పోలిన ఈ ట్యూబుల్లో కెఫీన్ కలిపిన చాక్లెట్ పుడ్డింగ్ మొదలుకొని మాంసం వంటకాల దాకా దొరుకుతాయి. ట్యూబును వేడి చేసుకునే ఏర్పాటు కాక్‌పిట్‌లోనే ఉంది, అది ఉండటం వల్ల పెద్ద తేడా వస్తుంది. చల్లబడి గట్టిపడ్డ పేస్టును గ్లవ్ చేత్తో నొక్కడం కష్టం. నీళ్లు కూడా ఇదే దారి. స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో తేమ ఉండదు కాబట్టి గొంతు ఎండిపోతుంది, దాహం వేయకముందే తాగుతూ ఉండాలి. తక్కువ తాగితే మూత్రం ఇబ్బంది తప్పుతుందనుకోవడం పొరపాటు, ఒంట్లో నీరు తగ్గితే అలసట, తలనొప్పి ముందు వస్తాయి. మూత్రానికి సూట్ లోపలి నుంచి బయటి సంచిలోకి గొట్టం ఉంటుంది. రెండో అవసరానికి ఏ ఏర్పాటూ లేదు. అందుకే ఎగిరే ముందు పీచు తక్కువ, ప్రోటీన్ ఎక్కువ ఉన్న భోజనం పెడతారు.

చివరి రెండు అడుగులు

ఈ కాక్‌పిట్ ఘోరంగా విఫలమయ్యే పని ఒక్కటే ఉంది, దిగేటప్పుడు బయటికి చూపించడం. ముక్కు పొడవు, హెల్మెట్ అంచులు, సూట్ భుజాలు, వీటన్నిటి మధ్య నుంచి రన్‌వే ఎంత కింద ఉందో అడుగుల లెక్కన తెలుసుకోవడం పైలట్‌కు దాదాపు అసాధ్యం. అడుగుల లెక్కే అవసరం ఎందుకంటే యూ-2 చక్రాలు సైకిల్ చక్రాల్లా ముందొకటి, వెనకొకటి వరుసలో ఉంటాయి. రన్‌వేకి రెండడుగుల పైన విమానాన్ని పట్టి ఉంచి, స్టాల్ చేసి దించాలి. వేగం మిగిలి ఉండగా ముందు చక్రాలు తగిలితే విమానం మళ్లీ గాల్లోకి ఎగురుతుంది. మరీ ఎత్తులో స్టాల్ అయితే దభాలున పడుతుంది.

కాక్‌పిట్‌లోని ఈ లోపాన్ని పూరించేది కాక్‌పిట్ బయట ఉన్న కారు. దాన్ని నడిపేది కూడా ఇంకో యూ-2 పైలటే. విమానం రన్‌వే మొదలు దాటగానే కారు వెనకే దూసుకొచ్చి, గంటకు 160 కిలోమీటర్లకు మించిన వేగంతో పక్కన పరుగెడుతూ, రేడియోలో ఎత్తు చదువుతుంది: పది, ఎనిమిది, ఆరు, నాలుగు, మూడు, రెండు, రెండు. దించే పైలట్ ఆ అంకెలు వింటూ వీల్ వెనక్కి లాగుతాడు. కొన్ని సంగతులు ముందే సరిచేసుకుని ఉంటేనే ఇది కుదురుతుంది.

మొదట కిందికి రావడమే ఓ పని. ఇంజిన్ ఐడిల్‌లో పెట్టినా ఈ పొడవాటి రెక్కలు దిగనివ్వవు. చక్రాలు దించి, స్పీడ్‌బ్రేక్‌లు తెరిచి, స్పాయిలర్లు లేపి గాలి నిరోధం పెంచుకుంటూ రావాలి. ఆ తర్వాత రెక్కల్లోని ఇంధనం రెండువైపులా సమానంగా ఉందో లేదో చూసుకోవాలి. దీనికి పద్ధతి సూటిగా ఉంటుంది: తగినంత ఎత్తులో విమానాన్ని నెమ్మదిగా స్టాల్ అంచుకు తెచ్చి, ఏ రెక్క ముందు వాలుతోందో గమనించి, బరువు ఎక్కువున్న రెక్క నుంచి రెండో రెక్కకు ఇంధనం మార్చాలి. వదిలేస్తే ఏమవుతుంది? నేలకు రెండడుగుల పైన అదే రెక్క వాలుతుంది, అప్పుడు సరిచేసే వ్యవధి ఉండదు. మిగిలిన ఇంధనం బరువును బట్టి రన్‌వే మొదట్లో ఉండాల్సిన వేగం లెక్కగట్టి ఉంచుకోవాలి. నాలుగైదు నాట్లు ఎక్కువైనా విమానం రన్‌వే మీద తేలుతూ పోతూనే ఉంటుంది.

నేల తాకాక కూడా పని అయిపోదు. రెక్కలను సమానంగా ఉంచడం వీల్‌తోనే, విమానం దాదాపు ఆగేదాకా. ఆగాక ఒక రెక్క మెల్లగా వాలి, కొస కింద ఉన్న టైటానియం పట్టీ మీద ఆనుతుంది. సిబ్బంది వచ్చి రెండు రెక్కల కింద పోగో అనే ఆసరా చక్రాలు తగిలిస్తారు, టేకాఫ్ వేళ రాలిపోయేవి ఇవే. పోగో రాలకుండా వేలాడితే ఏం జరగొచ్చో 1956లోనే తెలిసింది. ఇంధనం నిండిన విమానంతో తక్కువ ఎత్తులో తిరుగుతూ దాన్ని విదిలించబోయిన పైలట్ స్టాల్ అయి కూలిపోయి మరణించాడు.

పక్కగాలికి పరిమితి 15 నాట్లు. కొత్త తెరలు, కొత్త కంప్యూటర్లు ఎన్ని వచ్చినా ఈ ఒక్కచోట అవసరం కారూ, రేడియోలో ఇంకో మనిషి గొంతూ. మా లెక్కలో ఈ కాక్‌పిట్‌కు మార్కులు భారీగా తగ్గేది ఇక్కడే.

బయటపడే దారి

తొలి యూ-2లలో ఆపదలో పైలట్‌ను బయటికి విసిరే ఎజెక్షన్ సీటే లేదు, బరువు కోసం వదిలేశారు. తర్వాత పెట్టారు. 1960 మే 1న సోవియట్ యూనియన్‌లోని స్వెర్డ్లోవ్స్క్ దగ్గర కూల్చిన విమానంలో ఫ్రాన్సిస్ గ్యారీ పవర్స్ అనుభవం ఈ కాక్‌పిట్ గురించి చెప్పే పాఠం పెద్దది. గిరికీలు కొడుతున్న విమానంలో ఆయన ముందుకు విసురుకుపోయారు. ఆ భంగిమలో సీటు పేల్చితే కానపీ అంచుకు తగిలి కాళ్లు తెగుతాయని భయపడి, కానపీ వదిలేసి చేతులతో బయటపడ్డారు. ఆక్సిజన్ గొట్టాలు ఇంకా తగిలి ఉండి ఆయన్ను పట్టుకున్నాయి. విమానంలోని కెమెరాను పేల్చే స్విచ్‌లు చేతికి అందలేదు. ఇరుకైన కాక్‌పిట్‌లో స్విచ్ ఎక్కడ పెట్టామన్నది కూర్చున్న భంగిమతో కొలిస్తే సరిపోదు, విమానం అదుపు తప్పినప్పుడు చేయి ఎక్కడ ఉంటుందో దానితో కొలవాలి.

శిక్షణకు రెండు కాక్‌పిట్‌లున్న టీయూ-2ఎస్ ఉంది. బోధకుడి కాక్‌పిట్ వెనక, పైకి ఎత్తి కట్టినది. చేరాలనుకునే పైలట్లను ఇందులోనే మూడు ప్రయాణాలతో పరీక్షించి ఎంచుకుంటారు. వారు అంతకు ముందు వేల గంటలు ఎగిరిన వారైనా సరే, ఈ వీల్ బరువు, ఈ రెండడుగుల స్టాల్ చేతికి పట్టుబడతాయో లేదో చూడటానికి వేరే దారి లేదు. 2016 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలో అలాంటి ప్రయాణంలోనే, స్టాల్‌కు దగ్గరగా తీసుకెళ్లే అభ్యాసంలో విమానం అదుపు తప్పింది. ఇద్దరూ ఎజెక్ట్ అయ్యారు, ఒకరు మరణించారు. ప్రతి ల్యాండింగ్‌లోనూ కావలసిన నైపుణ్యమే ఇది, నేర్చుకునేటప్పుడు కూడా ప్రాణాంతకం కాగలదు. వెనక సీట్లో కూర్చునే బోధకుడికి విద్యార్థి చేతులు కనపడవు, వీల్‌లో తెలిసే కదలిక ఒక్కటే ఆధారం. కొత్త తెరల మీద పెట్టిన శ్రద్ధలో కొంత ఈ రెండో కాక్‌పిట్ మీద కూడా పెట్టాలి: స్టాల్ దగ్గర పడుతోందని ఇద్దరికీ ఒకేసారి, ఒకేలా చెప్పే హెచ్చరికతో మొదలుపెట్టొచ్చు.